పటాన్‌చెరు దారిలో పడవకు పైపూత

సంగారెడ్డి వైపు ప్రయాణం అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? రుద్రారంలో గణేశ్‌గడ్డ వినాయకుడా? సంగారెడ్డిలోని పాత జైలు మ్యూజియమా? పిల్లలున్న ఇల్లయితే మంజీర మొసళ్ళే ముందు గుర్తొస్తాయి. ఇవన్నీ చూడదగ్గవే. అయితే ఈ వారం మిమ్మల్ని గుడికీ మొసళ్ళ దగ్గరకీ కాకుండా ఓ రేకుల షెడ్డులోకి తీసుకెళ్దామని. అక్కడేముందంటారా? తిరగేసిన పడవ ఉంది!

హైదరాబాదు నుంచి ముంబై రోడ్డు పట్టుకుని లింగంపల్లి దాటితే రామచంద్రాపురం, బీహెచ్ఈఎల్ వస్తాయి. ఆ తర్వాత పటాన్‌చెరు. పూర్వం దీని పేరు పొట్లచెరువు. పేరులోనే చెరువు ఉన్న ఊరన్నమాట. 1972లో వచ్చిన ఇక్రిశాట్ పొలాలు దాటుకుని ముందుకు వెళితే ఇస్నాపూర్, పాశమైలారం. మందులు, రసాయనాలు, రంగులు, ఇనుము... తయారుకానిదేదీ లేదనిపిస్తుంది. ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఇక్కడే బతుకుతున్నారు.

ఇన్ని రసాయనాల ఫ్యాక్టరీలున్న చోట ఫైబర్ పని కూడా ఉండి తీరుతుంది. ఎందుకంటే యాసిడ్ ఇనుమును తినేస్తుంది, ఫైబర్‌గ్లాసును అంత తేలిగ్గా తినలేదు. అందుకే ట్యాంకులు, పైపులు, మూతలు ఫైబర్‌తో చేస్తారు. బాత్‌రూం తలుపులు, పార్కుల్లో బెంచీలు కూడా చేస్తారు. ఆ పని తెలిసిన చేతికి పడవ బాగుచేయడమూ వస్తుంది. చెరువుల్లో పిల్లలు తొక్కే పెడల్ బోట్ల దగ్గర్నుంచి సముద్రం మీది చేపల పడవల దాకా ఇప్పుడు చాలావరకు ఫైబర్‌వే కదా.

ఫైబర్ పడవను ఎలా చేస్తారో తెలిస్తే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మనం ఇడ్లీ రేకుకు నూనె రాసినట్లు ముందుగా అచ్చుకు మైనం రుద్దుతారు. దానిమీద రంగు కలిపిన చిక్కటి రెసిన్ పూస్తారు. దీన్నే జెల్‌కోట్ అంటారు. అది కాస్త గట్టిపడ్డాక గాజునార పరిచి, రెసిన్ పోసి, మళ్ళీ నార పరిచి, ఇలా వరసలు వేస్తారు. అచ్చు నుంచి తీశాక మొదట పూసిందే పైకి కనిపిస్తుంది. ఆ తళతళలాడే పొర మందం అర మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. రెండు పోస్టుకార్డులు ఒకదానిమీద ఒకటి పెట్టినంత! లోపలి నారను ఎండ నుంచి, నీటి నుంచి కాపాడేది అదే.

పడవ గట్టుకు కొట్టుకుంటే ఆ పొర పగులుతుంది. వెంట్రుకంత సన్నటి గీతలు సాలెగూడులా వస్తాయి. చాలామంది ఏం చేస్తారంటే, పైన కాస్త రంగు పూసి సరిపెడతారు. చూడ్డానికి కొత్తదిలాగే ఉంటుంది. కానీ నీళ్ళు ఆ గీతల గుండా నెమ్మదిగా లోపలికి దిగుతూనే ఉంటాయి. కొన్నాళ్ళకు పొక్కులు లేస్తాయి. పొక్కు చిదిపితే వచ్చే నీటికి వెనిగర్ లాంటి పులుపు వాసన ఉంటుంది. చీముపట్టిన పుండును శుభ్రం చేయకుండా కట్టు కట్టినట్లే అది కూడా.

మరి సరైన పద్ధతి ఏమిటి? ముందు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి, ఎసిటోన్ ముంచిన గుడ్డతో తుడవాలి. ఆ తర్వాతే గరుకు కాగితం పట్టాలి. తుడవకుండా రుద్దితే పాత మైనం గీతల్లోకి ఎక్కి కూర్చుంటుంది, కొత్త పూత అంటుకోదు. తర్వాత నాణెంతో తట్టి చూస్తారు. కుండ కొనేటప్పుడు మనం తట్టి చూడమూ? అలాగే. ఖణేల్‌మంటే గట్టిదే. బొద్దుగా మోగితే లోపల పొరలు విడిపోయాయని అర్థం. అలాంటి చోట పాడైన నారంతా తీసేసి, చుట్టూ ఏటవాలుగా చెక్కి, కొత్త నార వేయాలి. పైపగులు మాత్రమే అయితే పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉండేలా చిన్న కాలువలా గీరి తెరుస్తారు. బాగుచేయడానికి ముందు ఇంకాస్త పాడుచేసినట్లు కనిపిస్తుంది గానీ, అలా తెరవకపోతే పూత లోపలికి దిగదు.

ఇక ఆరబెట్టడం. పని చెడిపోయేది ఎక్కువగా ఈ దగ్గరే. నీళ్ళు తాగిన నార ఒక్కరోజులో ఆరదు, వారాలు పడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో అసలే ఆరదు. తొందరపెట్టేవాళ్ళు ఎక్కువ, ఆగేవాళ్ళు తక్కువ.

జెల్‌కోట్ కలపడం మాత్రం మీకు చిటికెలో అర్థమవుతుంది. పాలకు తోడు వేయడమే! 100 గ్రాములకు 1 నుంచి 2 గ్రాముల దాకా హార్డెనర్. ఎండలు మండేటప్పుడు తోడు తగ్గిస్తాం కదా, ఇక్కడా అంతే. అయితే 1 గ్రాము కన్నా తగ్గిస్తే ఎన్నాళ్ళైనా పూర్తిగా గట్టిపడదు. అందుకే వేసవిలో కొంచెం కొంచెంగా కలుపుకుంటారు. పావుగంట తిరక్కుండానే గిన్నెలో గడ్డకట్టేస్తుంది మరి. రంగు కుదర్చడం పట్టుచీరకు జాకెట్టు గుడ్డ వెతకడం లాంటిది. ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుగులోనే చూసుకోవాలి. పైగా పడవ రంగు ఎండకు వెలిసి ఉంటుంది. కొత్త డబ్బాలో రంగు దానితో కలవదు.

కాలువను చుట్టూ ఉన్న మట్టం కన్నా కాస్త ఎత్తుగా నింపి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పరుస్తారు. గాలి తగిలితే మామూలు జెల్‌కోట్ పైభాగం జిగటగానే ఉండిపోతుంది. గట్టిపడ్డాక నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తో రుద్దుతారు. 320, 400, 600, 800, 1200... నెంబరు పెరిగేకొద్దీ కాగితం నునుపు. పేపరు కింద చిన్న చెక్కముక్క పెట్టుకోవాలి, లేకపోతే వేళ్ళ కింద గుంటలు పడతాయి. ఎక్కువ రుద్దితే ఉన్న అర మిల్లీమీటరూ పోయి నార బయటపడుతుంది. చివర రబ్బింగ్ కాంపౌండ్, ఆపైన మైనం. అప్పుడిక అతుకు ఎక్కడుందో మీరు వెతుక్కోవాల్సిందే.

ఇంతవరకూ పడవ సంగతి. ఆ పని చేసేవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవద్దూ? షెడ్డులోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన స్టైరీన్‌ది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో దీన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్న పదార్థాల జాబితాలోకి చేర్చింది. గాలి ధారాళంగా ఆడాలి, తగిన మాస్కు, చేతి తొడుగులు ఉండాలి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వెంటనే 15 నిమిషాలకు తగ్గకుండా నీళ్ళతో కడుగుతూ ఆస్పత్రికి వెళ్ళాలి. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ నేరుగా కలిపితే పేలుతుంది. కోబాల్ట్ రెసిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్ వేయాలి. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఓ మందుల పరిశ్రమలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. దాని కారణం వేరు, పని వేరు. కానీ ఈ దారిలో జాగ్రత్త అనే మాటకు ఎంత బరువుందో ఆ ఊరి ఇళ్ళలో అడిగితే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఎవరైనా ఫైబర్ పనికి వెళుతుంటే ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెట్టకండి. గాజునార ముళ్ళు అంటుకుని ఒళ్ళంతా దురద పెడుతుంది. బయట దులిపి, విడిగా ఉతకండి. మిగిలిన ఎసిటోన్, రెసిన్ కాలువలో పోయనివ్వకండి. ఇక్కడి కాలువల నీళ్ళు నక్కవాగులోకి, అక్కణ్ణించి మంజీరలోకి చేరతాయి. ఈ ప్రాంతపు రసాయనాల నీటి గొడవ 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ నీటితో పొలాలు పాడైన రైతులు ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. పైకి తళతళలాడినా లోపలికి దిగింది ఊరుకోదని ఈ ఊళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంటికి పనికొచ్చే మాట కూడా ఒకటి. ఫైబర్ తలుపుకో, బాత్‌టబ్‌కో చిన్న పగులు వస్తే ఇదే పద్ధతిలో బాగుచేయించుకోవచ్చు. మేడమీది నల్ల ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుకు మాత్రం ఈ పూత అంటుకోదు. అది పాలిథిన్, ఫైబర్ కాదు. ఎవరైనా పూస్తానంటే డబ్బులు దండగ చేసుకోకండి.

ఈ సెలవుల్లో పిల్లల్ని బోటు షికారుకు తీసుకెళ్తున్నారా? ఎక్కేముందు పడవ అడుగునా అంచులనూ ఒకసారి చూడండి. గీతలుంటే, కాలు పెట్టినచోట మెత్తగా దిగితే మరో పడవ అడగండి. లైఫ్ జాకెట్ కట్టందే పిల్లల్ని ఎక్కించకండి. ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు. కుండనైనా తట్టి చూసి కొనేవాళ్ళం, పిల్లల్ని ఎక్కించే పడవను చూసుకోమా!