ఖాళీ డ్రమ్ము

కర్మాగారంలో నిండు డ్రమ్ముకు ఉన్న మర్యాద ఖాళీ డ్రమ్ముకు లేదు. థిన్నరు నిండి ఉన్నంతకాలం దానికి ప్రత్యేకమైన షెడ్డు, ఎర్రని అక్షరాల హెచ్చరిక, ప్రక్కనే నురుగుతో మంటలార్పే సాధనం, స్టోర్సు రిజిస్టరులో ఒక పద్దు ఉంటాయి. చివరి బొట్టు వాడిన మరుక్షణం అది ఆరుబయట గోడవారకు చేరుతుంది. దానిపై కూర్చుని టిఫిను తింటాము. దానినెక్కి బల్బు మారుస్తాము. కాని ద్రావకాల విషయంలో మేము ఎక్కువగా భయపడేది ఈ రెండవ దశలోని డ్రమ్మును చూసే.

కారణం తెలియాలంటే కొద్దిపాటి లెక్క అవసరం. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. పెయింటు థిన్నర్లలో తరచుగా ఉండే టోలుయీన్‌ను తీసుకుందాము. గాలిలో దీని ఆవిరి సుమారు 1.1 శాతం నుండి 7.1 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు తగిలితే అంటుకుంటుంది. 200 లీటర్ల డ్రమ్ములోని గాలిని ఆ కనీస స్థాయికి చేర్చడానికి దాదాపు 10 మిల్లీలీటర్ల ద్రవం, అనగా రెండు టీ చెంచాలు, చాలును. డ్రమ్మును ఎంత వంచి కార్చినా అంచు మడతలలో, అడుగు అతుకులో అంతమాత్రం మిగలడం వింత కాదు. దీని ఫ్లాష్ పాయింటు 4 డిగ్రీల సెల్సియస్. మన కోస్తాలో సంక్రాంతి చలికి కూడ ఉష్ణోగ్రత అంత దిగదు. 30 డిగ్రీల వద్ద, బిరడా బిగించిన డ్రమ్ములో ద్రవం కొంచెం మిగిలి ఉంటే ఆవిరి దాదాపు 5 శాతానికి చేరుతుంది. అది సరిగ్గా పేలుడు పరిధిలోనిదే!

కొన్నేళ్ళ క్రితం ఒక పెయింటరు మా వద్దకు వచ్చారు. "అమ్మాయి పెళ్ళి సార్. నీళ్ళు పట్టుకోవడానికి ఒక ఖాళీ డ్రమ్ము ఇప్పించండి. పైమూత మేమే గ్యాసుతో కోయించుకుంటాము" అన్నారు. వీలుకాదన్నాము. "పారవేసే ఇనుముకు ఇంత పట్టుదలా సార్? ఇదివరకు పది కోయించాము, ఒక్కటీ పేలలేదు" అని ఆయన నొచ్చుకున్నారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ పది డ్రమ్ములూ బహుశా నెలల తరబడి బిరడా లేకుండా ఎండలో పడి ఉండి, లోపలి ఆవిరి పోయి ఉంటుంది. పదకొండవది నిన్ననే బిగించినది కావచ్చు. బయటనుండి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. వాసన చూసి తేల్చుదామంటే, ఆ వాసనకు ముక్కు కొద్దిసేపటిలోనే అలవాటుపడిపోతుంది. కోసేవాడు మూతమీదికి వంగి ఉంటాడు కనుక, పేలితే ఆ మూత తగిలేది తలకు, రొమ్ముకు. ఇదంతా వివరించాము గాని ఆయన ఒప్పుకున్నట్లు మాకు తోచలేదు. ఆడపిల్ల తండ్రి అడిగిన చిన్న సాయాన్ని కాదనడం సులభమేమీ కాదు. చివరకు మా సెక్షను వారము తలా కొంత వేసుకుని, పెళ్ళిసామాను అద్దెకిచ్చేవారి వద్ద రెండు పెద్ద గంగాళాలు మాట్లాడి పంపించాము.

అటువంటి డ్రమ్మును కోయక తప్పనప్పుడు దానికొక పద్ధతి ఉన్నది. శేషద్రవాన్ని పూర్తిగా వంపి, ఆవిరితో కడిగి, ఎక్స్‌ప్లోజిమీటరుతో పరీక్షించి, వీలైనంతవరకు నీటితో నింపి లేదా నైట్రోజన్ పంపి, హాట్ వర్క్ పర్మిట్ తీసుకున్న తరువాతనే టార్చి వెలిగించాలి. ఉలి, సుత్తి వాడితే ప్రమాదం లేదని కొందరి నమ్మకం. ఇనుముపై ఇనుము పడితే నిప్పురవ్వ పుట్టదా?

ట్యాంకులలోకి దిగేవారికి ఎక్స్‌ప్లోజిమీటరు గురించి ఒక మాట చెప్పాలి. అది పేలుడు సంగతే చెబుతుంది, ఊపిరి సంగతి చెప్పదు. టోలుయీన్ విషయంలో దాని సూచిక 10 శాతం చూపితే, గాలిలో పదిలక్షల పాళ్ళకు సుమారు 1,100 పాళ్ళ ఆవిరి ఉన్నట్లు. 500 పాళ్ళకే ప్రాణానికి, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదమని అమెరికాలోని నియోష్ సంస్థ నిర్ణయించినది. సూచిక ముల్లు కదిలీ కదలనట్లున్నా మనిషికి తల తిరిగి, స్పృహ తప్పవచ్చును.

ప్రమాదకర రసాయనాలు అంటిన ఖాళీ డ్రమ్ములను 2016 నాటి కేంద్ర నియమాలలో ప్రమాదకర వ్యర్థాల పట్టికలోనే చేర్చారు. వాటిని అనుమతి పొందిన సంస్థలకే అప్పగించాలి. పాతసామాను బండికి కాదు, క్వార్టర్సు పెరటికి అసలే కాదు.

క్వార్టర్సులో ఉన్న అక్కచెల్లెళ్ళకు మా మనవి. మీ ఇంట నీటి డ్రమ్ము ఎక్కడినుండి వచ్చినదో ఒకసారి విచారించండి. థిన్నరు డ్రమ్మయితే, సబ్బుతో ఎంత తోమినా ఆ నీరు త్రాగడానికి గాని, వంటకు గాని పనికిరాదు. గేటుకు రంగు వేయడానికని శీతలపానీయం సీసాలో తెచ్చిన థిన్నరు అటకమీద ఉంటే, పిల్లలకు దాహం వేయకముందే దించండి. దానిని కాలువలో పోయవద్దు, పొయ్యి దగ్గర ఉంచవద్దు. ఇంకా కోయని డ్రమ్ము ఉంటే మూతజోలికి పోకుండా భద్రతా విభాగానికి కబురు చేయండి. ఎవరు తెచ్చారని మేము అడగము.