నొగ బరువు

బండి తోలుట మగవారి పని, బండిలో సామాను సర్దుట ఆడువారి పని యని మన యిండ్లలో చిరకాలముగా నొక యేర్పాటు కలదు. బండి తిన్నగా నడువకపోయినచో తప్పు తోలినవారిదే యని మేమును అనుకొనుచుంటిమి. షామీరుపేట దాటిన తరువాత, రాజీవ్ రహదారిమీద, ఆ యభిప్రాయము ఒక్క నిమిషములో మారిపోయినది.

మాది మేడ్చలు. మేమిద్దఱము తోడికోడండ్రము. మా యత్తగారికి డెబ్బదియెనిమిదేండ్లు, మోకాళ్లు వంగవు. ఏ యాత్రకు బోయినను ఆమెకు దేవుని దర్శనముకంటె ముందు మరుగుదొడ్డి చింత. ఎత్తుపీట లేనిచోట ఆమె కూర్చుండలేరు, కూర్చున్నచో లేవలేరు. ఈ సంగతి నలుగురిలో చెప్పుకొనలేక మూడేండ్లు కొమురవెల్లి మల్లన్న జాతరకు రానని యింటనే యుండిపోయిరి. సంక్రాంతి వెళ్లిన మొదలు ప్రతి యాదివారమును ఆ కొండదిక్కు తిరిగి దండము పెట్టుకొనుట చూడలేక, మా యింటి యన్నదమ్ములిద్దఱును ఒక చిన్న ప్రయాణపు ట్రైలరు కట్టించిరి. నాలుగు మీటర్ల పొడవు గది, రెండు చక్రములు, లోపల పడక, పొయ్యి, ఎత్తుపీట గల మరుగుదొడ్డి. దానిని మా పెద్ద మోటారు వెనుక తగిలించి లాగవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో ట్రైలరు కూడ మోటారు వాహనమే గనుక దానికిని రిజిస్ట్రేషను, నంబరు పలక ఉన్నవి. నడుచునప్పుడు అందులో ఎవ్వరును కూర్చుండరాదు. అత్తగారు మోటారులో మా నడుమనే కూర్చుండిరి.

సామాను సర్దినది మేమే. ముందుభాగమున పడక యుండుటచేత బరువైనవన్నియు వెనుక తలుపువద్ద చేర్చితిమి. దిగగానే చేతికందవలెనని మా యూహ. ఇరువదేసి లీటర్ల నీళ్ల డబ్బాలు నాలుగు, బియ్యపు సంచి, ఇత్తడి పాత్రలు, అత్తగారి రోలు. (మిక్సీలో తిప్పిన పచ్చడి ఆమె ముట్టరు. ఆ రోలును గూర్చి ఇంటిలో జరిగిన వాదము వేఱు కథ.)

షామీరుపేట వఱకు బాగుగనే యుండెను. రహదారి యెక్కి వేగము డెబ్బది కిలోమీటర్లకు చేరగా, ఒక పెద్ద లారీ మమ్ము దాటిపోయెను. దాని గాలి తగిలినంతనే ట్రైలరు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఊగెను. మఱి ఆగలేదు. ఊపు ఊపునకు పెద్దదగుచు మోటారు తోకను కూడ లాగివేయజొచ్చెను. పిల్లలు కేకలు వేసిరి. అత్తగారు మా చేతులు రెండును పట్టుకొనిరి. ఆ పట్టు గుర్తులు సాయంకాలము వఱకు మణికట్లపై నుండెను. తోలుచున్న మా మఱదిగారు అదృష్టవశమున బ్రేకు గట్టిగా త్రొక్కలేదు. త్రొక్కియుండినచో వెనుక బరువు మోటారును ప్రక్కకు త్రోసియుండెడిది. చక్రము తిన్నగా పట్టుకొని, కాలు మెల్లగా తీసివేసిరి. వేగము తగ్గినకొలది ఊపు తగ్గినది. బండి ప్రక్కకు తీసి ఆపినపిమ్మట కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు.

మొదట మాటలాడినది అత్తగారే. "నొగ మీద బరువు లేదు బిడ్డా" అనిరి.

ఆమె పడుచుతనమున ఇదే త్రోవలో ఎడ్లబండి మీద కొమురవెల్లి పోయినవారు. "ఎనుక బరువెక్కువైతె కాడి పైకి లేస్తది, ఎడ్ల గొంతులు పట్టుకుంటయి. ముందట ఎక్కువైతె మెడలు పుండ్లయితయి. మా మామ నొగ చేత్తోని ఎత్తి చూసి గాని బండి కట్టనిచ్చెటోడు కాదు" అని చెప్పిరి. ఇరువది చక్రముల లారీలు పోవు త్రోవ ప్రక్క నిలిచి మేము ఆ పాఠము వింటిమి. జాతర మానుకొని, నలుబది దాటకుండ మేడ్చలు తిరిగివచ్చితిమి.

మఱునాడు ధర్మకాంటకు పోయితిమి. ట్రైలరు మొత్తమును తూచగా 1,150 కిలోలు. నొగను మోటారుకు తగిలించి, ట్రైలరు చక్రములు మాత్రమే కాంటపై నుంచి తూచగా 1,100. అనగా నొగపై నున్నది 50 కిలోలే. ఇట్టి ట్రైలరు మొత్తపు బరువులో నూటికి పది మొదలు పదునైదు పాళ్లు నొగపై నుండవలెనని ఈ విద్య తెలిసినవారు పలువురు చెప్పుదురు; మాకు సుమారు నాలుగు పాళ్లే యుండెను. తప్పు మఱదిగారి చేతిది కాదు, మా సర్దుబాటుది. అది మా నోటితో మేమే ఒప్పుకొంటిమి. నీళ్లు, బియ్యము, పాత్రలు, రోలు తెచ్చి ఇరుసుకు కొంచెము ముందుగా, నేలమీదనే, కదలకుండ పట్టీలతో కట్టితిమి. మఱల తూచగా చక్రములపై 1,000, నొగపై 150. పదుమూడు పాళ్లు.

ఇక ఊపు లేదు గాని క్రొత్త చిక్కు వచ్చెను. నొగ బరువు మోటారు వెనుక చక్రములకును వెనుకగా పడును గదా. అందుచే మోటారు తోక ఆరు సెంటీమీటర్లు క్రుంగెను, ముక్కు మూడు సెంటీమీటర్లు లేచెను. రాత్రివేళ దీపముల వెలుగు ఎదుటివారి కన్నులలో పడుచుండెను. ముందు చక్రములను మాత్రము తూచగా, ఒంటిగా నున్నప్పుడు 1,000 కిలోలు, ట్రైలరు తగిలించిన వెనుక 930. దారి త్రిప్పవలసిన చక్రములు, బ్రేకులో ముఖ్యభాగము వహింపవలసిన చక్రములు తేలికపడినవన్నమాట.

దీనికే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అను సాధనము కలదు. బరువు పంచు కొక్కెము అనవచ్చును. మోటారు వెనుకనున్న బంతి క్రింద రెండు ఉక్కు కమ్ములుండును. అవి స్ప్రింగువలె వంగగలవు. వాని వెనుక కొనలను ట్రైలరు నొగకు గొలుసులతో పైకి బిగింతురు. ఒంటిచక్రపు మట్టిబండి పిడులను ఎత్తినచో బరువు ముందున్న చక్రముమీదికి పోవుట చూచియుందురు. ఈ కమ్ములు మోటారుకు అట్టి పిడులే. బిగించినకొలది వెనుక చక్రములపై పడిన యదనపు బరువులో కొంత ముందు చక్రములకును, కొంత ట్రైలరు చక్రములకును పోవును. మాకు బిగించిన పిమ్మట ముందు చక్రములపై 980, ట్రైలరు చక్రములపై 1,030 వచ్చెను. మోటారు ముక్కు ఒక్క సెంటీమీటరు మాత్రమే ఎత్తుగా నిలిచెను.

దానిని అమర్చిన మేస్త్రీ మొగమాటము లేని మనిషి. "అమ్మా, ఈ ఇనుము బరువును మాయం చేయదు. ఉన్నదాన్ని పంచుతది, అంతే. వెనుక తలుపు కాడ మళ్ల నీళ్ల డబ్బాలు పెడితె నన్ను అనొద్దు" అనెను. మోటారు చేసినవారు ఇంత లాగవచ్చునని వ్రాసిన బరువు దీనివలన పెరుగదు. కొన్ని మోటారులకు ఇది కూడదని వారి పుస్తకముననే యుండును. కొన్ని విధముల ట్రైలరు బ్రేకులకు పొసగదు. కొనుటకు ముందు ఆ పుస్తకము చదువవలెను. మా యింటిలో దానిని మొదట తెఱచినవారము మేమే. అంతవఱకు దాని ప్లాస్టికు తొడుగైనను చింపబడలేదు.

బిగించుటలో జాగ్రత్త కావలెను. బంతి తగిలించి తాళము పడినదని చూచిన తరువాత, నొగక్రింది జాకీతో నొగను మోటారు తోకతో సహా పైకెత్తినచో కమ్ములు సడలును. అప్పుడు గొలుసు తగిలించుట సులభము. అట్లెత్తక బలవంతముగ లాగినచో కమ్మి జాఱి చేయి విఱుగగలదు. విప్పునప్పుడును అంతే, పిల్లలను దూరముగ నుంచవలెను. గుంతలు, ఎత్తుపల్లములు మిక్కుటముగ నున్న నేలపై మెల్లగా పోవునప్పుడు కమ్ములను తీసివేయుమని మాకిచ్చిన కాగితములో నున్నది. మా వీధి చివరనున్న స్పీడుబ్రేకరు కొండతో సమానము గనుక కమ్ములను అది దాటిన పిదపనే తగిలింతుము.

మఱుసటి మాఘములో మఱల బయలుదేరితిమి. మోటారు ముందు చక్రము పైనున్న తొడుగు అంచు నేలనుండి ఎంత యెత్తున నున్నదో సుద్దముక్కతో గోడమీద గీచి, తగిలించినపిమ్మట మఱల కొలిచితిమి. గొలుసు ఐదవ కొలికిలో తగిలించితిమి. షామీరుపేట దాటగానే మా చేతులు వాటంతట నవియే అత్తగారి చేతులను పట్టుకొనెను. లారీ వచ్చినది, పోయినది. గాలి తగిలి ట్రైలరు ఒకమాఱు కదలి నిలిచెను. ఆమె అప్పటికే కునికిపాట్లు పడుచుండిరి; కన్నులు తెఱవకయే "రోలు ఎక్కడ పెట్టిన్రు?" అని యడిగిరి.

ముందరనే యని చెప్పితిమి.