బ్యాటరీ ప్లస్సు మైనస్సు తారుమారైతే ట్రాక్టర్లో ఏది కాలుతుంది, ఏది కాలదు



ఈ పోస్టు కొంచెం పొడుగు. ట్రాక్టరు ఉన్నవాళ్లూ, ట్రాక్టరును బాడుగకు పిలిచేవాళ్లూ ఇద్దరూ చదవండి. బ్యాటరీ తిరగేసి బిగించినారంటే బండి కరెంటు పని మొత్తం పోయినట్టే అనుకుంటారు చాలామంది. వైరింగంతా మార్చాలంటే సరే అని తలూపుతారు. చాలాసార్లు అంత అవసరం ఉండదు. ఏది ముందు కాలుతుందో తెలిస్తే పని ఆగకుండా బయటపడొచ్చు. పోయిన శెనక్కాయ విత్తనం టైములో మా ఊర్లో జరిగింది చెప్తాను.

మాది హిందూపురం దగ్గర, పరిగి వైపు. ఎర్ర నేల. మంచి వాన పడినాక మూడు నాలుగు రోజుల్లో విత్తనం పడిపోవాల. ఎండ కాసిందంటే పైపదును ఆరిపోతాది, తర్వాత వేసినా మొలక సగమే. అప్పటికే కదిరి లెపాక్షి కాయలు వలిచి, మందు కలిపి పెట్టుకున్నాం. మందు కలిపిన విత్తనం తినడానికీ పనికిరాదు, అమ్మడానికీ పనికిరాదు. మూడెకరాలు, నాలుగెకరాల వాళ్లం ఏడుగురం ఒకే ట్రాక్టరు మీద ఆధారపడి ఉన్నాం.

ఆ బండికి కొత్త బ్యాటరీ తెచ్చినారు. ఆయన టౌనుకు పోయి వచ్చేలోపల కొడుకు, ఇంటర్ అయిపోయిన పిల్లోడు, తానే బిగించినాడు. తాళం తిప్పితే చప్పుడు లేదు. లైటు లేదు, హారన్ లేదు, సెల్ఫ్ టిక్కుమనలేదు. మెకానిక్కును పిలిపించినారు. ఆయన అరగంట చూసి, తాళం పోయింది, సెల్ఫ్ స్విచ్ పోయింది, లోపల వైరింగు కాలి ఉంటాది, 9,000 దాకా అవుతాది, రెండు రోజులు పడతాది అన్నాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆయన చూసేటప్పటికి బ్యాటరీ సరిగ్గానే బిగించి ఉంది. అసలు సంగతి ఎవరూ చెప్పలేదు.

నేను బోరు స్టార్టర్ పెట్టెలు రిపేరు చేసుకుంటూ నేర్చుకున్నవాణ్ణి, అంతకన్నా చదువు లేదు. ఊరికే బ్యాటరీ వైపు చూసినాను. కొత్త బ్యాటరీ, అయినా ప్లస్సు కొమ్ము మీద నల్లగా కాలిన గుంట ఉంది. కొత్తదానికి మచ్చ ఎట్లా వస్తాది? పిల్లోణ్ణి కొట్టం వెనక్కు పిలిచి అడిగినాను. చాలాసేపు నేల చూసినాడు. "చిన్నాయనా, నాయనకు చెప్పొద్దు. ముందు ఉల్టా పెట్టినా. లగ్గు తగిలించంగానే టప్‌మనింది. మళ్లా పీకి సరిగ్గా పెట్టేసినా" అన్నాడు. ఆ ఒక్క మాట పొద్దున్నే చెప్పింటే మధ్యాహ్నం దాకా పోయేది కాదు. కానీ వాళ్ల నాయన కోపం మా ఊరందరికీ తెలుసు, చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఉల్టా పెట్టినప్పుడు ఏమవుతుందంటే, మనం డైనమో అనే దాంట్లో, అంటే ఆల్టర్నేటర్లో, డయోడ్లు ఉంటాయి. మామూలుగా ఆరు. బోరు దగ్గర నీళ్లు వెనక్కు రాకుండా పెట్టే వాల్వు లాంటివి, కరెంటును ఒక వైపే పోనిస్తాయి. బ్యాటరీ తిరగబడితే ఆ వాల్వు నిండుగా తెరుచుకున్నట్టే. బ్యాటరీలో ఉన్న కరెంటంతా వాటి గుండా దూకుతుంది. మెయిన్ ఫ్యూజు తొందరగా కాలితే డయోడ్లు బతుకుతాయి, లేదంటే రెండూ పోతాయి. సెల్ఫ్ మోటారుకు మాత్రం చాలా బండ్లలో ఏమీ కాదు. కాయిల్ ఉండే పాతరకం సెల్ఫ్ అయితే ఉల్టా పెట్టినా అదే వైపు తిరుగుతుంది కూడా. తాళానికీ ప్లస్సు ఏదో మైనస్సు ఏదో పట్టదు. కాబట్టి తాళం, సెల్ఫ్ మార్చడం అనేది మొదటి మాట కాకూడదు.

మేము చేసింది ఇది. ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒక కొన ఇంజను బాడీకి, ఇంకో కొన సెల్ఫ్ మీదుండే లావు బోల్టుకు తగిలించినాం. వెలిగింది. అంటే బ్యాటరీ మంచిదే, ఎర్తూ మంచిదే. అక్కడ నుంచి పోయే వైరు వెంట మెయిన్ ఫ్యూజు దాకా పోయినాం. ఫ్యూజుకు ఇటు వెలిగింది, అటు వెలగలేదు. ఇరవై రూపాయల ఫ్యూజు!

కొత్తది పెడితే తాళం తిప్పకముందే అదీ కాలిపోయింది. అక్కడ ఉన్నవాళ్లలో ఒకాయన రాగి తీగ చుట్టేయండప్పా అన్నాడు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయొద్దు. ఫ్యూజు కాలుతున్నదంటే ఎక్కడో కరెంటు అడ్డంగా పోతున్నది. తీగ చుడితే ఫ్యూజు బదులు వైరింగు కాలుతుంది, డీజిల్ ట్యాంకు దాని పక్కనే ఉంటుంది.

డయోడ్లు లోపల కలిసిపోయినాయని అర్థమైంది. బ్యాటరీ మైనస్సు లగ్గు ఊడదీసి, డైనమో వెనక ఉండే లావు వైరు, చిన్న సాకెట్టు రెండూ పీకి, వేరువేరుగా టేపు చుట్టి పక్కకు కట్టేసినాం. లావు వైరు ఒక్కటే పీకి సాకెట్టు అట్లే వదలకూడదు. ఇంకో ఫ్యూజు పెట్టినాం. నిలబడింది. తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టు.

డీజిల్ ఇంజనుకు స్పార్కు పని లేదు. ఆ బండికి ఆపడానికి లాగే పుల్లే ఉంది కాబట్టి స్టార్టయినాక కరెంటుతో అవసరమే లేదు. తాళంతోనే ఆగే బండ్లకు డీజిల్ ఆపే కాయిల్ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. అట్లాంటి బండ్లు ఫ్యూజు పోతే సెల్ఫ్ తిరుగుతూనే ఉండి స్టార్టు కాకపోవచ్చు. డైనమో బెల్టే తీసేద్దాం అన్నారు కొందరు. ఆ బెల్టే నీళ్ల పంపునూ తిప్పుతుంది, తీస్తే ఇంజను కాగిపోతుంది. డైనమో ఊరికే తిరుగుతూ ఉంటే నష్టం లేదు.

చార్జింగు లేకుండానే ఆ సాయంత్రం, మరుసటి రోజు ఏడుగురి చేలూ పూర్తయినాయి. లైట్లు వేయలేదు, ఒక చేను నుంచి ఇంకో చేనుకు ఇంజను ఆపకుండా పోయినారు. తర్వాత డైనమో విప్పి హిందూపురం తీసుకుపోతే డయోడ్ ప్లేటు ఒక్కటే మార్చినారు. వచ్చినాక మీటరు పెట్టి చూస్తే ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చిల్లర. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే చార్జింగు బాగున్నట్టు. ఆపినాక నిండు బ్యాటరీ 12.6 దగ్గర నిలబడాల.

పిల్లోడి సంగతి వాళ్ల నాయనకు నేనే చెప్పినాను, విత్తనం అంతా పడినాక. అరిచినాడు గానీ చెయ్యి ఎత్తలేదు. డైనమో మోసుకుని నా వెంట హిందూపురం వచ్చింది ఆ పిల్లోడే.

బైకులకు, పెట్రోలు పవర్ వీడర్లకు వేరే లెక్క. అవి పెట్రోలు, స్పార్కు లేనిదే నడవవు. బ్యాటరీ ఉల్టా అయితే ఫ్యూజు తర్వాత రెక్టిఫయరు, బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే రకమైతే సీడీఐ పెట్టె పోవచ్చు. కాకినాడ వైపు పడవలకు తగిలించే పెట్రోలు మోటార్లలోనూ బ్యాటరీతో స్టార్టయ్యే రకానికి ఇదే బాధ. అక్కడా ముందు ఫ్యూజు, తర్వాత ప్లగ్గులో స్పార్కు వస్తుందా లేదా చూసి, ఆ తర్వాతే పెట్టె మార్చే మాట.

అసలు ఆ పిల్లోడు ఎందుకు పొరబడినాడంటే, పాత బ్యాటరీకి ప్లస్సు ఎడమ పక్క, కొత్తదానికి కుడి పక్క ఉంది. వైర్లు రెండూ గ్రీజు పట్టి నల్లగా ఉన్నాయి, ఏది ఏ పక్క ఉండెనో చూసి ఆ పక్కే పెట్టినాడు. రెండు రకాలూ అంగట్లో దొరుకుతాయి. పాతది తీసుకుపోయి, కొత్తదాని పక్కన పెట్టి ఒకే వాటంగా ఉందా చూసి కొనండి. ప్లస్సు కొమ్ము మైనస్సు కన్నా కొంచెం లావు ఉంటుంది, కానీ సుత్తితో కొట్టి కొట్టి సాగిన లగ్గులు దేనికైనా పడతాయి, దాన్ని నమ్మొద్దు. ప్లస్సు వైరుకు ఎర్ర టేపు చుట్టి పెట్టండి. విప్పేటప్పుడు మైనస్సు ముందు, బిగించేటప్పుడు మైనస్సు చివర. ఫ్యూజులు రెండు టూల్ బాక్సులో వేసుకోండి, ఎన్ని ఆంపియర్లదో పాతదాని మీదే రాసి ఉంటుంది.