మందదారి, గనిదారి

మదనపల్లె పక్కనున్న కురబలకోట గుండా రెండు దారులు పోతాయి. ఒకటి 1890లలో మీటరుగేజిగా పడిన ధర్మవరం–పాకాల రైలుదారి. రెండోది మండలంలోని అంగళ్లు మీదుగా సాగే 42వ నంబరు జాతీయ రహదారి. ఉరవకొండ దగ్గర బయలుదేరి అనంతపురం, కదిరి దాటి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం తాకి తమిళనాడులోని కృష్ణగిరిలో ఆగుతుందది.

ఈ రోడ్డు పట్టుకుని దక్షిణానికి పోతుంటే అరుగుల మీద వినబడే కబుర్లు మారుతూ వస్తాయి. కురబలకోటలో గొర్రెల ముచ్చట. పుంగనూరులో ఆవుల ముచ్చట. వి.కోట దాటితే తాతల గని ముచ్చట మొదలవుతుంది. కుప్పం చేరేసరికి మందా, గనీ ఒకే ఇంట్లో కనబడతాయి: అన్న కోలారు బంగారు గనికి, తమ్ముడు గొడ్లకాడికి. అలాంటి ఇళ్లలో పిల్లలు ఎలా పెరిగారో అర్థం కావాలంటే మంద ఉన్నచోట మొదలుపెట్టి గని ఉన్నచోటికి పోవాలి.

కురబలకోట చుట్టూ గుండ్ల కొండలు, ఎర్ర గరుసు నేల. చెరువు నిండిన ఏడు వరి, నిండని ఏడు రాగి, వేరుశెనగ. వానను నమ్ముకోలేని నేల మీద ఆస్తి కాళ్ల మీద నడిచేదై ఉండాలి. ఎండిన చేనును ఎత్తుకుపోలేం. జీవాలనైతే మేత ఉన్నచోటికి తోలుకుపోవచ్చు. గొర్రెలు కాచే కురబల ఇళ్లలో ఏడెనిమిదేళ్లకే పిల్లవాడి చేతికి కర్ర వచ్చేది. ఏ గొర్రె చూలుతో ఉంది, ఏది కుంటుతోంది, ఏ పిల్ల తల్లిని వదిలి వెనకబడింది, ఇవన్నీ పొద్దుగూకేలోపు ఇంట్లో చెప్పగలగాలి. ఆడపిల్లలకు దొడ్డి ఊడ్చడం, పేడ ఎత్తడం, సంగటి కెలకడం. కోతలయ్యాక రైతులు పిలిచి తమ చేలల్లో మంద పెట్టించుకునేవాళ్లు. రాత్రంతా గొర్రెలు పడుకుని లేచిన చేనుకు ఆ ఏడు వేరే ఎరువు అక్కర్లేదు. కాపరికి గింజలు దక్కేవి. గొర్రె బొచ్చు కంబళి అయ్యేది. పగ్గం, దుడ్డు, కరువు భయం, మూడూ ఒకే వయసులో తెలిసిపోయేవి.

మదనపల్లెను త్వరగానే దాటేద్దాం. టమాటా మండీ ఘాటు, పట్టుమగ్గాల చప్పుడు, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన బీసెంట్ కాలేజీ, వీటి గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. మన దారికి పనికొచ్చేది ఊరి చివర ఉన్న ఆరోగ్యవరం. సుమారు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి ఉన్నాయని డానిష్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ 1910లలో ఇక్కడ క్షయరోగుల ఆసుపత్రి నిలబెట్టాడు. ఊపిరితిత్తుల ప్రస్తావన ఈ దారిలో మళ్లీ వస్తుంది.

పుంగనూరులో కాస్త ఆగాలి. ఇక్కడి జమీందారులది సుగుటూరు వంశం. సుగుటూరు ఉన్నది కోలారు సీమలో. ఏటా జరిగే సుగుటూరు గంగమ్మ జాతరలో ఆ పేరు ఇప్పటికీ వినబడుతుంది. అంటే కోలారుతో ఈ ఊరి చుట్టరికం బంగారం కంటే పాతది. జమీందారీ పేరుతోనే లోకానికి తెలిసిన పుంగనూరు పొట్టి ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. పాలు తక్కువే ఇచ్చినా వెన్న శాతం ఎక్కువ, 8 దాకా పోతుందంటారు. ఎండుగడ్డి నాలుగు పరకలతో రోజు గడిపేస్తుంది, ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది. చిన్న కమతాల మెట్టచేలు దున్నడానికి ఈ జత ఎడ్లు సరిపోయేవి. కరువు సీమకు కావలసిన పశువు ఎలా ఉండాలో తరాలపాటు ఎంచి ఎంచి నిలబెట్టిన జాతి ఇది. ఎంచినవాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

అంత ఓర్పున్న పశువుకు కూడా ఒక హద్దు ఉంటుంది. 1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లపాటు మద్రాసు రాజధానినీ మైసూరునూ ఊడ్చేసిన ఆ కరువులో మనుషులకంటే ముందు గొడ్లు పోయాయి. గొడ్డు పోయినవాడికి దున్నే దారి లేదు, తోలుకుపోవడానికి మంద లేదు. సరిగ్గా అదే కాలంలో, ఇక్కడికి పడమరన, మైకేల్ లవెల్లీ అనే ఐరిష్ మాజీ సైనికుడు కోలారు నేలలో బంగారం కోసం గుంతలు తవ్విస్తున్నాడు. న్యూజీలాండ్ యుద్ధం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడి, పాత పత్రికలో ఒక వ్యాసం చదివి, 1875లో మైసూరు సర్కారు నుంచి తవ్వకాల హక్కు సంపాదించాడు. అతని చేతిలోంచి హక్కు ఇతరులకు పోయి, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ దిగింది. కంపెనీకి వేలమంది కూలీలు కావాలి. చుట్టుపక్కల జిల్లాల్లో గొడ్లు పోగొట్టుకున్న ఊళ్లు ఉన్నాయి. ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి తమిళ దళిత కుటుంబాలు పెద్ద సంఖ్యలో వెళ్లాయి. అప్పటికి ఉత్తర ఆర్కాటులోనే ఉన్న పుంగనూరు, కంగుంది జమీన్ల, పలమనేరు తాలూకా తెలుగువాళ్లూ మేస్త్రీల వెంట నడిచారు. బంగారం మీద ఆశతో బయలుదేరిన ప్రయాణం కాదది. ఖాళీ దొడ్డి చూడలేక బయలుదేరినది.

పుంగనూరు దాటాక నీటి వాలు మారుతుంది. మదనపల్లె బాహుదా నీళ్లు చెయ్యేరు గుండా పెన్నకు పోతాయి. పలమనేరు కౌండిన్య నీళ్లు పాలారు దారి పడతాయి. కొండల్లో 1990లో ప్రకటించిన కౌండిన్య అభయారణ్యం ఉంది. 1980లలో తమిళనాడు వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఇక్కడే ఉండిపోయాయి. చెరకూ వరీ వాటికి ఇష్టం కాబట్టి రాత్రుళ్లు చేనుకాడ కాపలా పడుకోవడం ఇక్కడి పిల్లల పెంపకంలో భాగమైపోయింది. పలమనేరు దగ్గరి పశు పరిశోధన కేంద్రంలో పుంగనూరు ఆవులను కాపాడుతున్నారు. పాల లెక్క పెరగాలని జెర్సీ, హోల్‌స్టీన్ కోడెలతో దాటించడం, దుక్కికి ట్రాక్టరు రావడం, రెండూ కలిసి ఈ జాతిని అంతరించే అంచుకు తోశాయి. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఈ ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక నగరాల్లో గిరాకీ లేచింది. ఒకప్పుడు మెట్టరైతు దొడ్డిలో ఉన్న ఆవు ఇప్పుడు బంగళా లాన్ మీద తిరుగుతోంది. జాతి బతికితే సంతోషమే. మేసిన బీడునూ దున్నిన చేనునూ వదిలి బతికినది సగం బతుకే.

వి.కోట మండీల్లో కూరగాయల లారీలు దాటుకుని కుప్పం వైపు తిరిగితే రోడ్డు పాలారును దాటుతుంది. 348 కిలోమీటర్ల నదికి ఆంధ్రలో దక్కింది 33 కిలోమీటర్లే. చాలా నెలలు ఇసుకే నది. ఎగువన కర్ణాటకలో బేతమంగళ దగ్గర ఇదే పాలారు నీటిని ఆపి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే గొట్టాలతో గనులకు పంపారు. మంద తాగాల్సిన ఏరు మొదట గని దాహం తీర్చింది. గనికి పశువులతోనూ పని ఉండేది: పాలకు, తోలుకు, బండ్లకు. ఆవిరి యంత్రాలకు కట్టెలు కావాలని చుట్టుపక్కల అడవులు కొట్టేశారు, అంటే మేతబీళ్లూ పలచబడ్డాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చాకే కట్టెల మీద ఆ ఒత్తిడి తగ్గింది. గనికి దగ్గరలో గొడ్లు మేపే ఇల్లు లాభమూ నష్టమూ ఒకే చేత్తో అందుకునేది.

కుప్పంలో రోడ్డు వదిలి రైలెక్కాలి. బంగారుపేట వైపు గుడుపల్లె, తర్వాత బిసానత్తం. ఈ రెండు స్టేషన్ల చుట్టుపక్కలే ఆంధ్రలోని రెండు బంగారు గనులు, చిగురుకుంట, బిసానత్తం ఉన్నాయి. కోలారు రాతిపట్టీ దక్షిణపు తోక ఇది. ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన రోజుల్లో పొద్దున పాలు పిండి, సైకిలెక్కి షిఫ్టుకు పోయి, సాయంత్రం తిరిగొచ్చి గొడ్లకు కుడితి పెట్టగలిగిన ఊళ్లివి. బంగారుపేటలో బండి మారితే 1894లో వేసిన చీలిక మార్గం కోరమాండల్, ఊరిగాం, చాంపియన్ స్టేషన్ల మీదుగా మారికుప్పంలో ఆగిపోతుంది.

మారికుప్పం పేరు లవెల్లీ కంటే ముందే కాగితాలకెక్కింది. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, 1802లో బంగారం చూపినవాళ్లకు బహుమానమని చాటించాడు. ఊరివాళ్లు ఎద్దుల బండ్లలో మట్టి తెచ్చి, అతని ఎదుటే కడిగి, అడుగున మెరిసే రజను చూపించారు. అతను రాసినదే డెబ్బై ఏళ్ల తర్వాత లవెల్లీ చదివిన వ్యాసానికి ఆధారం. లవెల్లీ పేరిట బెంగళూరులో రోడ్డుంది. మట్టి కడిగిన ఊరివాళ్లలో ఒక్కరి పేరూ లేదు. మా సీమలో మొదటి గనివాళ్లు ఎవరని అడిగితే ఎద్దులనూ మట్టినీ కలిపి తెచ్చిన ఆ బండ్లవాళ్లనే చెప్పాలి.

గని కార్మికుల నివాసాలైన లైన్లలో పెరగడం వేరే బడి. మొదట్లో తడికల గుడిసెలు, తర్వాత వరసగా ఒంటిగది ఇళ్లు. గని కూతే గడియారం. షిఫ్టు కూత వేళకు వేళ వినిపిస్తే కుదురు. వేళకాని వేళ వినిపిస్తే లైను మొత్తం షాఫ్టు దగ్గరికి పరుగు. చాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. ఆ లోతున రాయి కాలుతుంటుంది. ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పగిలి మీదపడడాన్ని చెప్పే ‘రాక్‌బరస్టు’ అక్కడి పిల్లలు నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాటల్లో ఒకటి. కంటికి కనబడని ప్రమాదం ధూళి. 1940లలో జరిపిన పరీక్షల్లో, చూసిన కార్మికుల్లో నూటికి నలభైమందికి పైగా సిలికోసిస్ తేలింది. రాతిపొడి తిన్న ఊపిరితిత్తిలో క్షయ సులువుగా పాతుకుంటుంది. దేశంలో ఆ జబ్బుకు అప్పట్లో పేరున్న ఆసుపత్రుల్లో ఒకటి ఇదే దారి మీద, మదనపల్లెలో ఉంది. లైన్లలో తమిళం, తెలుగు, కన్నడం, దొరల బంగళాల ఇంగ్లీషు కలిసి వినబడేవి. పిల్లలు బడికి పోయారు, ఫుట్‌బాల్ ఆడారు, సంఘాల జెండాలు చూశారు. వేలిముద్రల రిజిస్ట్రేషన్‌కు ఎదురు తిరిగి 1930లో కార్మికులు చేసిన సమ్మెను తాతలు తమ జాతకాల్లో ఘట్టంలా చెప్పుకునేవాళ్లు.

ఊళ్లో గొడ్లను నిలుపుకున్న ఇంటికీ, లైన్లకే మారిపోయిన ఇంటికీ తేడా చాలాకాలం కనబడలేదు. జాతరకూ కోతలకూ కూలీలు ఊళ్లకు పోతున్నారని కంపెనీ విసుక్కునేది. పోయినవాళ్లకు మాత్రం ఆ రాకపోకలే బీమా. గని జీతంతో కరువేడు గడ్డి కొన్నారు, దూడను అమ్మకుండా నిలబెట్టారు. కోడెను అమ్మి గనిలో దెబ్బతిన్న మనిషికి వైద్యం చేయించారు. రెండు పనుల్లో ఏ ఒక్కటీ సొంతంగా ఇంటిని మోయలేదని తెలిసిన కుటుంబాలవి.

2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడ్డాయి. 800 టన్నులకు పైగా బంగారం తీసిన చోట చివరికి టన్ను రాతికి మూడు నాలుగు గ్రాములు రావడమే గగనమైంది. చిగురుకుంట కూడా ఆగిపోయింది. ఆ రోజు తేడా బయటపడింది. కుప్పం, వి.కోట పల్లెల్లో రెండు ఆవులూ ఎకరం మెట్టా మిగుల్చుకున్నవాళ్లు పాలకేంద్రానికి క్యాను మోసుకుని, మల్బరీ వేసుకుని నిలదొక్కుకున్నారు. మూడు తరాలుగా లైన్లలోనే పుట్టినవాళ్లకు తిరిగి పోవడానికి ఊరే లేదు. వాళ్ల పిల్లలు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పోతారు, రాత్రికి తిరిగొస్తారు. కుప్పం పిల్లలూ అదే రైలుదారిలో పోతున్నారు, కానీ వాళ్ల వెనక ఒక దొడ్డి ఉంది. లైన్ల వెనక ఉన్నవి మూడు కోట్ల టన్నులకు పైగా సైనైడ్ దిబ్బలు. వేసవి గాలికి ఆ పొడి ఇళ్లలోకి వస్తుంది.

చిగురుకుంట–బిసానత్తం బంగారు బ్లాకు 2018 వేలంలో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీకి దక్కింది. గని మళ్లీ తెరుచుకుంటుందన్న మాట కుప్పం టీ అంగళ్లలో నలుగుతూనే ఉంది. తెరుచుకుంటే ఊరి పిల్లలకు ఉద్యోగాలు అడగడం న్యాయమే. ఉద్యోగంతో పాటు అడగాల్సినవి ఈ దారే చెబుతోంది: మేతబీడు ఎంత మిగులుతుంది, ఏటి నీళ్లు ఎవరివి, దిబ్బ ఎక్కడ పోస్తారు, దుమ్ము కొలిచేదెవరు. గనికి ఆయుష్షు ఉంటుందనీ, అది తీరే రోజును గనివాడు నిర్ణయించలేడనీ ఇక్కడి ప్రతి ఇంటికీ తెలుసు. జీతం వచ్చేచోటికి బిడ్డను పంపినా దొడ్డిని ఖాళీ చేయని కుటుంబమే నిలబడింది. రేపటి గని ఒప్పందంలో ఆ దొడ్డికి చోటు రాయించుకోవడం ఈసారి ఊరివాళ్ల పని.