ఆ చెట్టు అడ్రసు అడగలేదు

మద్రాసు టి. నగర్ అనగానే ఇప్పటి కుర్రకారుకి పట్టుచీరలూ, నగల షాపులూ గుర్తొస్తాయి. మా నాన్నకి మాత్రం ఓ చెట్టు గుర్తొస్తుంది!

1979లో హీరో అయిపోదామని తెనాలిలో రైలెక్కారాయన. పదకొండు నెలలు పానగల్ పార్కులో ఆ చెట్టుకింద కూర్చుని, చిక్కి సగమై తిరిగొచ్చారు. ఊళ్లో నవ్వినవాళ్లు చాలామంది. ఆయన మాత్రం, "స్టూడియో గేటు దగ్గర ఎవడివని అడిగేవారు. ఆ చెట్టు ఒక్కనాడూ అడగలేదురా" అనేవారు.

అసలా పేట ఒకప్పుడు పెద్ద చెరువు, తెలుసా? జస్టిస్ పార్టీ హయాంలో దాన్ని పూడ్చి, 1923-25 మధ్య వీధులు వేశారు. నడిబొడ్డున పార్కు పెట్టి, దాని చుట్టూ రోడ్లు పరిచారు. పేటకి సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు, పార్కుకి అప్పట్లో రాష్ట్ర మంత్రివర్గాన్ని నడిపిన పానగల్ రాజా పేరు. ఇద్దరూ మన తెలుగువాళ్లే!

తర్వాత సినిమావాళ్లు చేరారు. బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావుగారి ఇల్లు. తిరుపతి వెంకన్నని చూసి, బస్సుల్లో నేరుగా ఈ రాముడి దర్శనానికి వచ్చేవారు జనం. వేషాల కోసం వచ్చినవాళ్లకి మాత్రం పార్కే గతి. ఘంటసాల మాస్టారు కూడా తొలినాళ్లలో రాత్రిళ్లు అక్కడే పడుకునేవారని చెబుతారు. ఆ మాట చాలు, నాన్నలాంటివాళ్లు ఇంకో నెల ఆకలి ఓర్చుకోడానికి!

ఈమధ్య పనిమీద చెన్నై వెళ్తే, "ఒరే, నా చెట్టుందేమో చూసిరా" అన్నారు నాన్న. వెళ్లాను. మెట్రో స్టేషను కోసం పార్కులో కొంత భాగం తీసుకున్నారు. కొన్ని చెట్లు పోయాయి. నాన్న చెట్టేదో నాకెలా తెలుస్తుంది?

ఫోన్ చేశాను. "ఉంది నాన్నా" అని అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకో మనసొప్పలేదు.

"గుర్తుపట్టలేకపోయాను నాన్నా. కొన్ని కొట్టేశారు. కానీ గోడవతల ఓ చెట్టు నీడలో ఓ కుర్రాడు సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు."

అవతల కాసేపు మాట లేదు.

"అన్నం తిన్నాడేమో అడుగు" అన్నారు.

అడిగాను. తినలేదట. ఇద్దరం కలిసి ఇడ్లీ తిన్నాం. ఎవడివని మాత్రం నేను అడగలేదు.