ఆఖరి వేసవిలో పాత టేపులు

2013 వేసవి. స్పీకర్ల ముందు డెబ్భై ఒక్కేళ్ల మనిషి ఒకరు కూర్చుని వింటున్నారు. కాలేయ మార్పిడి జరిగి ఇంకా కొన్ని నెలలే అయింది. స్పీకర్లలోంచి ముప్ఫై ఏళ్ల కుర్రాడి గొంతు వస్తోంది. అది పాడినట్టూ ఉండదు, మాట్లాడినట్టూ ఉండదు. అరుగు మీద కూర్చుని ఊళ్లోవాళ్ల సంగతులు ఒక్కొక్కటే చెబుతున్నట్టు ఉంటుంది. మంచి చెడు అని తీర్పులేమీ ఉండవు. ‘ఇదిగో, వాళ్లు ఇలా బతికారు’ అన్నంత వరకే.

ఆ కుర్రాడూ, ఈ పెద్దాయనా ఒక్కరే. పేరు లూ రీడ్.

1972 నుంచి 1986 దాకా ఆర్‌సీఏ, అరిస్టా కంపెనీలకు ఆయన చేసిన పదహారు ఆల్బమ్‌లను రీమాస్టర్ చేసి, పదిహేడు సీడీలుగా ఒకే పెట్టెలో పెట్టాలన్నది అప్పటి పని. పాత పాటల్ని కొత్తగా అమ్ముకోవడం రికార్డు కంపెనీలకు అలవాటే. మామూలుగా అయితే ఆ పని ఇంజినీర్లు చూసుకుంటారు, గాయకుడు ఓ ఫొటోకి నిలబడితే చాలు. లూ రీడ్ అలా వదిలేసే రకం కాదు. దగ్గరుండి విన్నారు. అక్టోబరు 27న కన్నుమూశారు. పెట్టె బజారుకొచ్చింది 2016 అక్టోబరు 7న. అంటే తన చేతులతో ముస్తాబు చేసిన ఆ పెట్టెను ఆయన చూడనే లేదు.

మనవాళ్లలో ఇంగ్లిషు పాటలు వినేవారికి బీటిల్స్ తెలుసు, మైకేల్ జాక్సన్ తెలుసు. లూ రీడ్ పేరు అంతగా వినపడలేదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టి, పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లో పెరిగాడు. తండ్రి అకౌంటెంట్. కొడుకు తీరు అర్థంకాక ఇంట్లోవాళ్లు డాక్టర్ల దగ్గరికి తీసుకెళితే, ఇంకా టీనేజీలో ఉండగానే కరెంటు షాకులు ఇప్పించారు. ఆ మంట ఆయన పాటల్లో జీవితాంతం రగులుతూనే ఉంది. సిరక్యూస్ యూనివర్సిటీలో కవి డెల్మోర్ ష్వార్జ్ దగ్గర సాహిత్యం చదువుకున్నాడు. నవలల్లో రాయగలిగిన సంగతుల్ని మూడు నిమిషాల పాటలో ఎందుకు రాయకూడదు అన్నది అతని ప్రశ్న. 1960ల మధ్యలో జాన్ కేల్‌తో కలిసి ‘వెల్వెట్ అండర్‌గ్రౌండ్’ అనే బృందం కట్టాడు. చిత్రకారుడు ఆండీ వార్హోల్ కొంతకాలం అండగా నిలిచాడు. 1967లో వచ్చిన తొలి రికార్డును కొన్నవాళ్లు తక్కువే. కొన్నవాళ్లలో మాత్రం చాలామంది తామూ బృందాలు కట్టేశారు!

1970 ఆగస్టులో లూ ఆ బృందాన్నీ వదిలేశాడు. వదిలేసి ఎక్కడికి వెళ్లాడు? అమ్మానాన్నల ఇంటికి. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో నాన్న ఆఫీసులో టైపిస్టుగా చేరాడు. వారానికి నలభై డాలర్ల జీతం. పెట్టెలోని మొదటి సీడీ వినేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అది విజేత గొంతు కాదు, టైపు మిషను ముందునుంచి లేచొచ్చిన మనిషి గొంతు.

అసలు రీమాస్టరింగ్ అంటే ఏమిటి? వంటతో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది. గాయకుడి గొంతు, గిటారు, డ్రమ్ములు విడివిడి ట్రాకులుగా రికార్డవుతాయి. దేన్ని ఎంత వినిపించాలో నిర్ణయించి రెండు స్పీకర్లకు కలిపేయడం మిక్సింగ్. పులుసు కాగిపోయినట్టే, ఇక చింతపండు వెనక్కి తీయడం కుదరదు. అలా తయారైన టేపును రికార్డు ప్లేటుకో, సీడీకో తగ్గట్టు సర్దడం మాస్టరింగ్. వడ్డన లాంటిదన్నమాట. ప్లేటు మీద గాడి వెడల్పుకో హద్దుంది. బేస్ శబ్దం ఎక్కువైతే గాడి వెడల్పవుతుంది, ప్లేటుకి పట్టే నిడివి తగ్గుతుంది. ప్లేటు మధ్యకు వచ్చేసరికి ముల్లు కింద జరిగే గాడి పొడవు తగ్గి, పదునైన శబ్దాలు మొద్దుబారతాయి. కాబట్టి అప్పట్లో కొంత కోసి, కొంత అణిచి వడ్డించేవారు. 1980ల్లో సీడీలు వచ్చాక పాత పాటలెన్నో హడావిడిగా వాటిలోకి ఎక్కాయి. అసలు టేపుకి బదులు దాని నకలు వాడిన సందర్భాలూ ఉన్నాయి. మళ్లీ అసలు టేపు దాకా వెళ్లి, ఇప్పటి పరికరాలతో తీరిగ్గా ఇంకోసారి వడ్డించడమే రీమాస్టరింగ్.

లూకి శబ్దమంటే పిచ్చి. 1978లో ‘స్ట్రీట్ హాసిల్’ ఆల్బమ్‌కి మనిషి తలలాంటి బొమ్మకు చెవుల దగ్గర మైకులు పెట్టి రికార్డు చేసే జర్మన్ పద్ధతిని వాడాడు. ఎంపీ3 పాటల నాసిరకం శబ్దం మీద ఆ తర్వాత బహిరంగంగానే విసుక్కున్నారు. అలాంటి మనిషికి తన పాటలు సీడీల్లో పీలగా వినపడుతుంటే ఎలా ఉంటుంది?

1972లో లండన్‌లో చేసిన తొలి సోలో ఆల్బమ్ పెద్దగా ఆడలేదు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ నాటి పాటల్నే చాలావరకు మళ్లీ పాడాడు. పక్కన వాయించినవాళ్లలో ‘యెస్’ బృందానికి చెందిన రిక్ వేక్‌మన్, స్టీవ్ హౌ లాంటి ఘనాపాఠీలున్నా పాటకీ వాయిద్యానికీ పొత్తు కుదరలేదు. నిజానికి ఈ ఆల్బమ్‌ని ఎంత తుడిచినా పెద్దగా మెరవదు.

అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘ట్రాన్స్‌ఫార్మర్’ దారి మార్చేసింది. డేవిడ్ బోవీ, మిక్ రాన్సన్ నిర్మాతలు. బోవీకి లూ పాటలంటే ప్రాణం. అందులోని ‘వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్’ అమెరికాలో 16వ స్థానానికి, బ్రిటన్‌లో పదో స్థానానికి ఎక్కింది. వార్హోల్ చుట్టూ తిరిగిన ట్రాన్స్‌జెండర్ నటీమణులు, వీధి కుర్రాళ్ల కథలు రేడియోలో ఇంటింటా మోగాయి. బ్రిటన్‌లో రేడియోవాళ్లకి అందులోని ఒక బూతుమాట అర్థంకాక వదిలేశారని చెప్పుకుంటారు. పాట మొదట్లో జారుతూ వచ్చే ఆ బేస్ ఉంది చూశారూ, అది హెర్బీ ఫ్లవర్స్ అనే లండన్ వాద్యకారుడి ఆలోచన. ముందు పెద్ద డబుల్ బేస్ వాయించి, దానిమీద ఎలక్ట్రిక్ బేస్ ఇంకోసారి వాయించాడు. రెండు వాయిద్యాలు కాబట్టి కూలీ రెట్టింపు... మొత్తం పదిహేడు పౌండ్లు! 2024లో కన్నుమూసేదాకా ఫ్లవర్స్ ఈ సంగతి నవ్వుతూనే చెప్పేవాడు. ఆ రెండు బేస్‌లూ ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నట్టు విడివిడిగా వినపడితే, రీమాస్టరింగ్ దేనికో ఎవరూ చెప్పక్కర్లేదు.

హిట్టు కొట్టాక ఎవరైనా ఏం చేస్తారు? అలాంటిదే ఇంకోటి చేస్తారు. లూ ‘బెర్లిన్’ చేశాడు.

ఓ జంట. మత్తుమందులు, దెబ్బలు. తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుపోతారు. చివరికి ఆమె చేతినరం కోసుకుంటుంది. 1973లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్న కథ ఇది. నిర్మాత బాబ్ ఎజ్రిన్‌కి అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. జాక్ బ్రూస్, స్టీవ్ విన్‌వుడ్ లాంటి హేమాహేమీలు వాయించారు. రెండు ప్లేట్ల ఆల్బమ్ అనుకున్నది కోసికోసి ఒక్క ప్లేటుకి కుదించాల్సి వచ్చింది. ‘ద కిడ్స్’ పాట చివర పసిపిల్లలు అమ్మకోసం గుక్కపట్టి ఏడుస్తారు. ఆ ఏడుపు ఎజ్రిన్ సొంత పిల్లలది. అమ్మ ఇక రాదని అబద్ధం చెప్పి ఏడిపించారంటూ పుట్టిన పుకారు ఏళ్ల తరబడి తిరిగింది. ఎజ్రిన్ కాదన్నా నమ్మినవాళ్లు నమ్ముతూనే ఉన్నారు. బ్రిటన్‌లో ఆల్బమ్ మొదటి పది స్థానాల్లోకి వచ్చినా, అమెరికాలో చతికిలబడింది. రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్షకుడు ఏకిపారేశాడు. లూ గట్టిదెబ్బే తిన్నాడు. చాలా ఏళ్లపాటు ఆ ఆల్బమ్ మొత్తాన్ని వేదిక మీద పాడలేదు.

పాడింది ఎప్పుడంటే, 2006 డిసెంబరులో. ముప్ఫై మూడేళ్ల తర్వాత. బ్రూక్లిన్‌లోని సెయింట్ ఆన్స్ వేర్‌హౌస్‌లో పిల్లల గాయకబృందాన్ని వెంటబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా పాడారు. దర్శకుడు జూలియన్ ష్నాబెల్ దాన్ని సినిమాగా తీశాడు. ఒకప్పుడు తిట్టిన రోలింగ్ స్టోన్ పత్రికే 2003లో దీన్ని తన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో చేర్చింది. చెత్తబుట్టలో పడేసిన కాగితాన్ని మళ్లీ తీసి ఇస్తిరీ చేసినట్టుగా! ఆల్బమ్ మాత్రం అప్పుడూ ఇదే, ఇప్పుడూ ఇదే.

పెట్టెలో అందరూ దాటేసే సీడీ ఒకటుంది. 1975 నాటి ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’. పాట లేదు, మాట లేదు, తాళం లేదు. గిటార్లని యాంప్లిఫయర్ల ఎదుట ఆనించి వదిలేస్తే పుట్టే కీచుశబ్దాల్ని పొరలుపొరలుగా పేర్చిన అరవైనాలుగు నిమిషాల రొద. కొన్నవాళ్లు ప్లేటు పాడైందేమోనని దుకాణాలకి తిరిగిచ్చేశారు. కొద్ది వారాల్లోనే కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. కాంట్రాక్టు వదిలించుకోవడానికి చేసిన కుళ్లు జోకని కొందరన్నారు. లూ మాత్రం చివరిదాకా వెనకేసుకొచ్చారు. 2002లో బెర్లిన్‌లో ఓ బృందం ఆ రొదని స్వరలిపిలో రాసుకుని వయొలిన్లు, సెల్లోల మీద వాయించి చూపించింది! ప్లేటు నాలుగో వైపు చివరి గాడిని ముగింపు లేకుండా చుట్టేశారు. ముల్లు ఎత్తేవరకూ మోగుతూనే ఉంటుంది. సీడీలో ఆ సరదా కుదరదు. ఎంత శుభ్రం చేసినా, ఎక్కడో ఓ చోట ఆగాల్సిందే.

దాని తర్వాత వచ్చిన ‘కోనీ ఐలాండ్ బేబీ’ మెత్తని ప్రేమపాటల ఆల్బమ్. నిన్న తలుపు మొహాన వేసి, ఇవాళ కాఫీకి పిలిచినట్టుంటుంది. ఆ తర్వాతి నాలుగైదేళ్లలో కొంత మెరుపు, కొంత తాగుడు. ‘స్ట్రీట్ హాసిల్’ శీర్షిక పాటలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పేరు వేయించుకోకుండా నాలుగు మాటలు చెప్పి వెళ్లాడు. ‘ద బెల్స్’లో జాజ్ విద్వాంసుడు డాన్ చెర్రీ ట్రంపెట్ ఉంది. మిగతావి అభిమానులకి మాత్రమే.

1982లో వచ్చిన ‘ద బ్లూ మాస్క్’ దగ్గర మళ్లీ ఆగాలి. ఇందులో రెండే గిటార్లు. ఒక స్పీకర్లో లూ, రెండో స్పీకర్లో రాబర్ట్ క్వైన్. ఈ క్వైన్ లా చదివినవాడు, లూకి వీరాభిమాని. 1969లో వెల్వెట్ అండర్‌గ్రౌండ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయిస్తే, ప్రేక్షకుల్లో కూర్చుని క్యాసెట్ రికార్డర్‌తో రోజూ రికార్డు చేసుకున్నాడు. ఆ టేపులే 2001లో ఆల్బమ్‌గా వచ్చాయి. పదమూడేళ్ల తర్వాత అదే అభిమాని తన దేవుడి పక్కన నిలబడి వాయించాడు. వింటుంటే ఇద్దరు గిటారు వాయిస్తున్నట్టు ఉండదు, ఒకరి మాట ఒకరు పూర్తిచేస్తున్నట్టు ఉంటుంది.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1983లో ‘లెజెండరీ హార్ట్స్’కి లూ మిక్సింగ్ చేసేటప్పుడు క్వైన్ గిటారుని బాగా తగ్గించేశాడు. చివరి మిక్స్ క్యాసెట్ చేతికందాక, క్వైన్ దాన్ని సుత్తితో ముక్కలు ముక్కలుగా బద్దలుకొట్టాడట. కొంతకాలానికి ఇద్దరూ విడిపోయారు. క్వైన్ 2004లో చనిపోయాడు.

ఆ వేసవిలో ఈ ఆల్బమ్ కూడా లూ ముందుకొచ్చింది. ముప్ఫై ఏళ్ల నాటి తన నిర్ణయం మళ్లీ స్పీకర్లలో వినబడింది. డ్రమ్ములకి పదును పెట్టవచ్చు, గొంతుమీది పొర తొలగించవచ్చు. కానీ ఇది రీమాస్టరింగ్. పులుసు ఎప్పుడో కాగిపోయింది. వెనక్కి తోసేసిన ఆ గిటారుని ముందుకు లాగే మీట ఆ బల్ల మీద లేదు. పెట్టెలో కూడా క్వైన్ వెనకే ఉన్నాడు.

‘న్యూ సెన్సేషన్స్’, ‘మిస్‌ట్రయల్’లతో పెట్టె 1986లో ముగుస్తుంది. బాగా పేరు తెచ్చిన ‘న్యూయార్క్’ 1989లో వేరే కంపెనీకి చేసింది కాబట్టి ఇందులో లేదు. ఈ పనిలో లూకి తోడుగా ఉన్న నిర్మాత, స్నేహితుడు హాల్ విల్నర్ కూడా 2020 ఏప్రిల్‌లో కొవిడ్ బారిన పడి వెళ్లిపోయాడు.

లూ రీడ్ పోయింది ఓ ఆదివారం పొద్దున. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ మొదటి ఆల్బమ్‌లోని మొదటి పాట పేరు కూడా అదే, ‘సండే మార్నింగ్’. లాంగ్ ఐలాండ్‌లోని ఈస్ట్ హాంప్టన్ ఇంట్లో, చెట్లవైపు చూస్తూ, ఎన్నో ఏళ్లుగా సాధన చేసిన తై చీ భంగిమల్లో చేతులు కదుపుతూ వెళ్లిపోయారని ఆయన భార్య, కళాకారిణి లారీ ఆండర్సన్ స్థానిక పత్రికకు రాశారు.

తర్వాత ఆయన సామాన్లు సర్దుతుంటే ఆఫీసులో, బల్ల వెనక అరలో, చిన్న పార్సిల్ ఒకటి దొరికింది. 1965 మేలో లూ తన చిరునామాకే పోస్టు చేసుకున్నది. కాపీరైటు కోసం డబ్బు పెట్టలేనివాళ్లు అప్పట్లో అలా చేసేవారు. పోస్టాఫీసు ముద్ర మీది తేదీయే సాక్ష్యం. పాటలు తనవేనని నోటరీ సంతకం కూడా పెట్టించాడు. లోపలున్నది ఓ టేపు. జాన్ కేల్ తోడుగా ఇరవై మూడేళ్ల లూ పాడిన పాటలు, అందులో ‘హెరాయిన్’, ‘పేల్ బ్లూ ఐస్’ తొలి రూపాలు. 2022లో ఆల్బమ్‌గా విడుదల చేశారు.

ఆ పార్సిల్‌ని ఆయన దాదాపు యాభై ఏళ్లు తన దగ్గరే పెట్టుకున్నారు. దొరికినప్పుడు సీలు సీలుగానే ఉంది.