రంగు జోలికి పోకు అన్నయ్యా!

స్నాప్‌సీడ్ అంటే నా బొటనవేలికి కంఠతా వచ్చు. అలాంటిది 2025 జూన్‌లో ఐఫోన్లకి 3.0 వచ్చేసరికి, మేకప్ తీసేసిన హీరోని చూసిన అభిమానిలా తెల్లబోయింది పాపం! ఎక్స్‌పోర్ట్ తన పాత చోటు ఖాళీ చేసింది. లుక్స్, టూల్స్‌కి తోడు 'ఫేవ్స్' అని కొత్త గది వెలిసింది. మనం మెచ్చిన పనిముట్లు అందులో దాచుకోవచ్చు.

సరిగ్గా అప్పుడే చెల్లాయి ఫొటో సంబంధం వాళ్ళకి పంపాల్సొచ్చింది. "కాస్త తెల్లగా చెయ్యరా" అంది అమ్మ. "రంగు జోలికి పోకు అన్నయ్యా! రేపు వాళ్ళొచ్చి చూసేది నన్నేగా?" అంది చెల్లాయి.

1957 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే అంత వెన్నెల కురిపించాడు, అయినా సావిత్రి ముఖం సావిత్రిదే! ఆ మాత్రం మర్యాద మనకీ ఉండాలి కదండీ. టూల్స్‌లో 'సెలెక్టివ్' వెతికి పట్టుకుని, చెంప మీద పడ్డ కిటికీ ఊచ నీడ ఒక్కటే తగ్గించాను. వెంటనే దాన్ని ఫేవ్స్‌లో పడేశాను. ఇప్పుడు వేలు తడుముకోవడం లేదు.

ఫొటో వెళ్ళిపోయింది. అమ్మ మాత్రం నా భుజం మీంచి తొంగిచూస్తూనే ఉంది. "ఆ లుక్స్‌లో ఏముందిరా?"